పాత పవర్ ప్రెస్‌లన్నిటికీ లైట్ కర్టెన్ పెట్టేస్తే సరిపోతుందా? రిస్క్ అసెస్‌మెంట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజులమండ్యం ఫిట్టర్

అందరికీ నమస్తే. మాది గాజులమండ్యం ఎస్టేట్‌లో చిన్న షీట్ మెటల్ షాపు. బ్రాకెట్లు, క్లాంపులు, ప్యానెల్ బోర్డుల తలుపులు చేస్తాం. నేను మెయింటెనెన్స్ చూస్తాను. సేఫ్టీకి వేరే మనిషి లేడు కాబట్టి ఆ పని కూడా నా నెత్తినే పడింది. మొన్న కస్టమర్ తరఫున ఆడిట్‌కి వచ్చిన మేడమ్ ప్రతి మెషీన్‌కీ రిస్క్ అసెస్‌మెంట్ కాగితం చూపించమన్నారు, మా దగ్గర ఉంటేగా చూపించడానికి.

మెషీన్లు చెబుతాను. 50 టన్నుల సి-ఫ్రేమ్ ప్రెస్‌లు రెండు, రెండూ పాతవే, కాలి పెడల్‌తో నడుస్తాయి. 100 టన్నుల ప్రెస్ ఒకటి, దానికి ఎయిర్ క్లచ్. ఒక షియరింగ్ మెషీన్, ఒక బెండింగ్ మెషీన్, బెంచ్ గ్రైండర్, కంప్రెసర్. మా ఓనర్ చెన్నై నుంచి సెన్సార్ల వాళ్లను పిలిపించారు, వాళ్లు మూడు ప్రెస్‌లకీ లైట్ కర్టెన్ (మెషీన్ ముందు కాంతి కిరణాలతో వేసే తెర, చేయి అడ్డం పడితే పసిగట్టేది) కొటేషన్ ఇచ్చి వెళ్లారు. అది పెట్టేస్తే పని అయిపోయినట్టే అంటున్నారు.

నేను నెట్‌లో ఒక ఎక్సెల్ షీట్ దించుకుని నింపడం మొదలుపెట్టాను. దెబ్బ తీవ్రత 1 నుంచి 5, జరిగే అవకాశం 1 నుంచి 5, రెండూ గుణించడం. అన్నిటికీ 9, 12, 9, 12 అనే వస్తోంది. అంతా పసుపు రంగే. ఇంతేనా ఈ అసెస్‌మెంట్ అంటే?

శ్రీసిటీ సేఫ్టీ

కొటేషన్ మీద సంతకం పెట్టకుండా ఆపండి ముందు. ఆ పాత 50 టన్నుల ప్రెస్‌లకి క్లచ్ ఏ రకం? ఫ్లైవీల్ (ఎప్పుడూ తిరిగే బరువైన చక్రం) లోపల కీ అనే ఇనుప ముక్క పడి క్రాంక్ ఇరుసుని పట్టుకునే రకమా, లేక ఫ్రిక్షన్ ప్లేట్ల రకమా?

గాజులమండ్యం ఫిట్టర్

కీ క్లచ్చే సార్. పెడల్ తొక్కితే లాచ్ తప్పుకుంటుంది, కీ తిరిగి పడుతుంది, టక్కుమని శబ్దం వస్తుంది. 100 టన్నులది మాత్రం ఫ్రిక్షన్, గాలితో పనిచేసేది.

శ్రీసిటీ సేఫ్టీ

అదీ సంగతి. కీ క్లచ్ ఒకసారి పడిందంటే క్రాంక్ పూర్తి చుట్టు తిరిగి పైకి వచ్చేదాకా ఆ ర్యామ్‌ని, అంటే కిందికి దిగి కొట్టే భాగాన్ని, ఆపే నాథుడు లేడు. మోటార్ కట్ చేసినా ఫ్లైవీల్‌లో ఉన్న ఊపుతో కిందికి వస్తుంది, ఎర్ర బటన్ నొక్కినా వస్తుంది. లైట్ కర్టెన్ చేసేది ఒక్కటే పని, చేయి అడ్డం పడగానే ఆపమని మెషీన్‌కి చెప్పడం. మధ్యలో ఆగలేని మెషీన్‌కి ఎంత ఖరీదైన కర్టెన్ ఏం చెప్పి ఏం లాభం? ఎర్ర లైటు వెలుగుతుంది, వేలు పోతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే కర్టెన్ ఉంది కదా అని ఆపరేటర్ ధైర్యంగా చేయి పెడతాడు.

ఇదే మాట సెన్సార్ల వాళ్లు కొటేషన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. క్లచ్ కవర్ తీసి చూశారా వాళ్లు?

గాజులమండ్యం ఫిట్టర్

లేదు సార్. టేపుతో బెడ్ వెడల్పు కొలుచుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, టీ తాగి వెళ్లారు.

రేణిగుంట రమణ బాబాయి

రెండు చేతులతో రెండు బటన్లు నొక్కే పద్ధతి పెట్టుకోవచ్చు కదా, చవకలో అయిపోతుంది. మా పాత కంపెనీలో అదే ఉండేది.

శ్రీసిటీ సేఫ్టీ

బాబాయ్, ఎయిర్ క్లచ్ ప్రెస్‌కి అయితే పెట్టుకోవచ్చు. కీ క్లచ్‌కి లెక్క వేసి చూడండి. నిమిషానికి 60 స్ట్రోక్‌లు అంటే ఒక చుట్టుకి ఒక సెకను. కీ పడే చోటు చుట్టులో ఒక్కటే ఉంటే, బటన్ నొక్కాక అది దొరకడానికి ఒక్కోసారి పూర్తి చుట్టు పట్టవచ్చు, ఆ తర్వాత ర్యామ్ కిందికి రావడానికి ఇంకో అర చుట్టు. మొత్తం ఒకటిన్నర సెకను. బటన్ వదిలేసిన చేయి సెకనుకి 1600 మిల్లీమీటర్ల వేగంతో డై (రేకుని కోసే, వంచే అచ్చు) వైపు వెళ్తుందని లెక్క. అంటే బటన్లు డై నుంచి 2.4 మీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరం నుంచి జాబ్ పెట్టి తీసేది ఎలా? పైగా రెండో మనిషి పక్కన నిలబడి ఉంటే వాడి చేతులకు ఆ బటన్లతో సంబంధమే లేదు.

నాలుగు వేళ్ల నాయుడు

ఈ చర్చ చూసి అకౌంట్ తెరిచాను. పేరు చూసి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎడమ చేతి చూపుడు వేలు లేదు.

చెన్నై అవతల ఒక ప్రెస్ షాపులో చేసేవాడిని, పేరు వద్దు. 30 టన్నుల పెడల్ ప్రెస్. వాషర్లు కొట్టే డై. ఒక స్ట్రోక్ అయింది, కాలు తీసేశాను, ర్యామ్ పైకి వెళ్లింది, ఇరుక్కున్న వాషర్ తీయడానికి వేలు పెట్టాను. నేను పెడల్ ముట్టుకోలేదు. ర్యామ్ తనంతట తను రెండోసారి దిగింది. తర్వాత తెలిసింది, లాచ్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ తెగిపోయింది. చిటికెన వేలంత స్ప్రింగ్. లాచ్ వెనక్కి రాలేదు కాబట్టి కీ విడిపోలేదు, ఇంకో చుట్టు తిరిగేసింది.

రిపోర్టులో ఏం రాశారో తెలుసా? 'ఆపరేటర్ అజాగ్రత్త' అని రాశారు. స్ప్రింగ్ గురించి ఒక్క ముక్క లేదు. మరునాడు కొత్త స్ప్రింగ్ వేసి వేరేవాడిని కూర్చోబెట్టారు. ఫిట్టర్ తమ్ముడూ, నీ ఎక్సెల్‌లో స్ప్రింగ్‌కి గడి ఉందా?

గాజులమండ్యం ఫిట్టర్

లేదన్నా. 'ప్రెస్: చేయి నలగడం' అని ఒకే లైను ఉంది. మా వాటికి ఉన్నవి కూడా సాగే స్ప్రింగ్‌లే, రెండు కొనల్లో కొక్కేలు. ఇప్పుడే చూసొచ్చాను, ఒకదాని కొక్కెం సగం అరిగి ఉంది. ఆ ప్రెస్ ఆపేశాను. ఓనర్‌తో రేపు గొడవే.

శ్రీసిటీ సేఫ్టీ

మంచి పని చేశారు. అక్కడ సాగే స్ప్రింగ్ ఉండకూడదు. నొక్కుడు స్ప్రింగ్, అంటే కంప్రెషన్ రకం, రాడ్ మీద గానీ గొట్టంలో గానీ నడిచేది వేయాలి. అది విరిగినా చుట్టలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఎంతో కొంత తోస్తూనే ఉంటాయి. సాగే స్ప్రింగ్ తెగితే ఏమీ మిగలదు. అమెరికా వాళ్ల ప్రెస్ నిబంధనల్లో ఇది రాసి ఉంది, మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రెస్‌లలో చాలావాటికి ఉండదు. పెడల్ మీద పైనుంచి ఏదైనా పడినా తొక్కుడు పడకుండా కవర్ కూడా వెల్డింగ్ చేయించండి, అది ఒక్క పూట పని.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, ఎక్సెల్‌లో అన్నీ పసుపు రావడానికి కారణం మీరు మెషీన్ పేరు రాసి మార్కులు వేశారు. మెషీన్ పేరు కాదు రాయాల్సింది, దాని మీద మనిషి చేసే పని రాయాలి. డై మార్చడం ఒక పని. షీట్ పెట్టడం ఒకటి. ఇరుక్కున్న ముక్క తీయడం ఒకటి. నూనె వేయడం, స్క్రాప్ ఊడ్చడం, సెట్టింగ్‌లో ర్యామ్‌ని చేత్తో తిప్పి చూడటం, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుంది, ఇలా ఒక్కొక్కటీ. ఐఎస్ఓ 12100 అనే స్టాండర్డ్ చెప్పేది ఇదే, మన బీఐఎస్ వాళ్లు దాన్నే ఐఎస్ 16819 పేరుతో తీసుకున్నారు. మెషీన్ జీవితంలో ప్రతి దశలో ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారో రాసుకోవాలి. దెబ్బ ఎంత పెద్దది, అక్కడికి చేయి ఎన్నిసార్లు వెళ్తుంది, తప్పు జరిగే అవకాశం ఎంత, జరిగితే తప్పించుకునే వీలుందా అని అప్పుడు చూడాలి. కీ క్లచ్ ప్రెస్‌లో తప్పించుకునే వీలు సున్నా. ఒక్క ఆ ప్రశ్నకే మీ పసుపు ఎర్రగా మారుతుంది.

చిత్తూరు వర్క్‌షాప్ ఓనర్

అందరూ బాగా చెబుతున్నారు గానీ జీతాలిచ్చే వాడి వైపు నుంచి కూడా ఒక మాట. నాకూ ఐదు ప్రెస్‌లున్నాయి. గార్డులు పెట్టలేదని ఎవరన్నారు? పెట్టాను, ఇనుప మెష్‌తో చేయించి బిగించాను. వారం తిరక్కుండా పీకి మూలన పడేశారు. అడిగితే 'జాబ్ కనపడట్లేదు సార్, చేయి ఆడట్లేదు' అంటారు. పీస్‌కి ఇంత అని ఇస్తే గార్డ్ ఉన్నవాడికి సాయంత్రానికి డబ్బులు తగ్గుతాయి, వాడే తీసేస్తాడు. నేను రోజంతా వెనకాల నిలబడి కాపలా కాయాలా? కొత్త ఎయిర్ క్లచ్ ప్రెస్ కొనమంటే నా పొలం అమ్మాలి.

నాలుగు వేళ్ల నాయుడు

సార్, పీస్ రేటు ఎవరు పెట్టారు?

చిత్తూరు వర్క్‌షాప్ ఓనర్

కస్టమర్ ఇచ్చే రేటు చూసి నేను పెట్టాను. కస్టమర్ రేటు ఎవరు పెట్టారో వాళ్లనడుగు.

తోతాపురి లైన్ సూపర్‌వైజర్

ఓనర్ గారు చెప్పింది నిజమే, గార్డులు పీకేస్తారు. ఎందుకు పీకుతున్నారో ఒక షిఫ్ట్ మొత్తం కూర్చుని చూశారా ఎప్పుడైనా?

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లైన్ చూస్తాను. సీజన్ మొదలైతే పగలూ రాత్రీ లేదు, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు వస్తారు, సగం మందికి అదే మొదటి ఫ్యాక్టరీ. మా ఏరుడు కన్వేయర్ చివర్లో బెల్టు తిరిగే డ్రమ్ము ఉంటుంది, బెల్టూ డ్రమ్మూ కలిసే సందులో చేయి పడితే లోపలికి లాగేస్తుంది. దానికి స్టీలు కవర్ ఉండేది, చుట్టూ బోల్టులు. ఎప్పుడు చూసినా తీసే ఉండేది. తిట్టేవాళ్లం, బిగించేవాళ్లం, మళ్లీ తీసేవాళ్లు.

ఒక రాత్రి షిఫ్ట్ దగ్గరుండి చూస్తే అర్థమైంది. కాయల మీది జిగురూ రసమూ డ్రమ్ముకి అంటుకుని బెల్టు పక్కకి జరిగిపోతుంది. గంట గంటకీ ఎవరో ఒకరు గోకాలి. కవర్ ఉంటే స్పానర్ కావాలి, స్పానర్ మెయింటెనెన్స్ రూములో ఉంటుంది, రూముకి తాళం. లైన్ ఆపితే షిఫ్ట్ ఇన్‌చార్జి అరుస్తాడు. అందుకని కవర్ తీసి పెట్టుకుని, బెల్టు నడుస్తుండగానే చీర కొంగు నడుముకి దోపుకుని గోకుతున్నారు. నాకు చూస్తుంటేనే ఒళ్లు జలదరించింది. వాళ్లకి భయం లేక కాదు, వేరే దారి మేమే ఉంచలేదు.

డ్రమ్ముకి ఆనుకుని ఒక నైలాన్ బ్లేడు పెట్టించాం, అది తనంతట తానే గోకుతుంది. నీళ్ల పైపు నాజిల్ ఒకటి లోపలికి ఫిక్స్ చేశాం, కవర్ తీయకుండానే కడగొచ్చు. అప్పటి నుంచి ఆ కవర్ జోలికి ఎవరూ పోవడం లేదు. పోవాల్సిన పని లేదు కాబట్టి. లైన్ పొడవునా లాగితే ఆగిపోయే తాడు కూడా కట్టించాం. నైటీల మీద చున్నీ, వదులు కొంగు వద్దని కోట్లు ఇచ్చాం, వెనక ముడి వేసేవి. ముందు ముడి ఉన్నవి కొంటే ఆ ముడే చిక్కుకుంటుంది, చూసి కొనండి.

గాజులమండ్యం ఫిట్టర్

మేడమ్ ఇది చాలా ఉపయోగపడింది. నేను కూడా రేపు కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

శ్రీసిటీ సేఫ్టీ

మేడమ్ చేసిన పనికి స్టాండర్డ్‌లో మొదటి స్థానం. ముందు డిజైన్‌లోనే ప్రమాదాన్ని తీసేయాలి, అది కుదరనప్పుడు గార్డ్, సెన్సార్, ఆఖరికి మిగిలినదానికి బోర్డు, ట్రైనింగ్, గ్లోవ్స్. మన దగ్గర ఆఖరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 'జాగ్రత్త' అని ఫ్లెక్సీ కొట్టించి దాని ముందు ఫొటో దిగుతారు.

ఫిట్టర్ గారూ, మీ కీ క్లచ్ ప్రెస్‌లకి రెండు దారులున్నాయి. ఒకటి, డైనే మూసేయడం. పంచ్‌కీ (పైనుంచి దిగే అచ్చు) డైకీ మధ్య తెరుచుకునే ఎత్తు 6 మిల్లీమీటర్లు మించకుండా, పైన స్ట్రిప్పర్ ప్లేటుతో (పంచ్‌కి అంటుకున్న షీటుని ఊడదీసే ప్లేటు) కట్టడం. షీటు దూరుతుంది, వేలు దూరదు. పల్చటి స్ట్రిప్ జాబ్‌లకి ఇదే అన్నిటికన్నా మంచిది. రెండోది, చుట్టూ ఫిక్స్‌డ్ గార్డ్ కట్టి, బయట జాబ్ పెట్టి తోస్తే లోపలికి వెళ్లే స్లైడ్ పెట్టడం. గార్డ్‌లో రంధ్రం ఎంత, ప్రమాదం ఎంత దూరంలో అనేది అంచనాతో పెట్టకండి, ఐఎస్ఓ 13857లో పట్టిక ఉంది. సన్నటి పొడవాటి సందు 8 నుంచి 10 మిల్లీమీటర్లుంటే డై అక్కడి నుంచి కనీసం 80 మిల్లీమీటర్లు అవతల ఉండాలి. 10 నుంచి 12 అయితే 100. 12 నుంచి 20 అయితే 120. 20 దాటిన సందులో చెయ్యి మొత్తం దూరుతుంది కాబట్టి ఒక్కసారిగా 850కి వెళ్తుంది. 25 మిల్లీమీటర్ల చదరపు గళ్ల మెష్‌కి 120 చాలు, ఎందుకంటే చదరం గడిలో బొటనవేలు అడ్డం పడుతుంది.

ఓనర్ గారూ, 'జాబ్ కనపడట్లేదు' అన్నారంటే మెష్‌కి తెల్ల రంగో వెండి రంగో వేసి ఉంటారు. నల్ల రంగు వేయండి, లోపల ఒక ఎల్ఈడీ లైటు పెట్టండి. మెష్ కనపడదు, జాబ్ కనపడుతుంది.

చిత్తూరు వర్క్‌షాప్ ఓనర్

పసుపు వేయించాను. సేఫ్టీ అంటే పసుపే కదా అని పెయింటర్ వేసేశాడు.

పీఎల్‌సీ కుర్రాడు పలమనేరు

😂 పసుపు మెష్ వెనక ట్యూబ్‌లైట్ పెడితే ఆపరేటర్‌కి రోజంతా దోమతెరలోంచి సినిమా చూసినట్టే.

సీరియస్‌గా ఒక మాట. తెరిచే గార్డులకి ఇంటర్‌లాక్ (గార్డ్ తెరిస్తే మెషీన్‌ని ఆపే స్విచ్) పెట్టేవాళ్లు మామూలు మాగ్నెట్ స్విచ్‌లు కొనకండి. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి టేపుతో అంటిస్తే గార్డ్ మూసే ఉందనుకుంటుంది. నేను సర్వీస్‌కి వెళ్లిన చోట్ల ఆపరేటర్ జేబులోనే అయస్కాంతం ఉంటుంది. కోడెడ్ రకంలోనూ ఒక్కోదానికి వేరే కోడ్ ఉండేది తీసుకోండి, దాని జోడీ తప్ప ఇంకోదాన్ని గుర్తించదు. లిమిట్ స్విచ్ పెట్టినా గార్డ్ తెరిస్తే కాంటాక్టుని బలవంతంగా విడదీసే రకం పెట్టాలి, స్ప్రింగ్ మీద ఆధారపడేది వద్దు, నాయుడన్న కథ చూశారుగా. వైరింగ్ మామూలు పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ఇన్‌పుట్‌కి ఇవ్వకండి, సేఫ్టీ రిలే ద్వారా రెండు చానెళ్లతో రావాలి. ఒక వైరు షార్ట్ అయినా రెండోది పట్టుకుంటుంది. ఎమర్జెన్సీ బటన్ తిప్పి వదలగానే మెషీన్ తనంతట తాను స్టార్ట్ కాకూడదు, స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కాలి. ఇది చాలా చోట్ల తప్పుగా ఉంది, ఈ రోజే మీ షాపులో నొక్కి చూసుకోండి.

రూల్‌బుక్ రెడ్డి

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 21లో కదిలే ప్రమాదకర భాగాలకు కంచె ఉండి తీరాలని, మెషీన్ నడుస్తున్నంతసేపూ అది అక్కడే ఉండాలని ఉండేది. సెక్షన్ 22లో నడిచే మెషీన్ దగ్గర పరీక్షించడమో నూనె వేయడమో తప్పనిసరైతే ప్రత్యేకంగా శిక్షణ ఉన్న మగ కార్మికుడే చేయాలని, ఒంటికి అతుక్కునే బట్టలు యజమానే ఇవ్వాలని, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలని ఉండేది. ప్రమాదం జరిగి మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే ఇన్‌స్పెక్టర్‌కి నోటీసు ఇవ్వాలని సెక్షన్ 88లో ఉండేది.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో ఆక్యుపేషనల్ సేఫ్టీ కోడ్ అమల్లోకి తెచ్చారు. పాత చట్టంలో కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ, కొత్త కోడ్‌లో అది 20 మంది. అంటే 15 మందితో నడిచే ప్రెస్ షాపు ఆ లెక్కలోంచి జారిపోతుంది. వేళ్లు పోయేది ఎక్కువగా అలాంటి చోటే అని నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. ఈఎస్ఐ మాత్రం పదిమంది ఉంటే వర్తిస్తుంది, జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి. దెబ్బ తగిలి పనికి రాలేని రోజులకు జీతంలో 90 శాతం ఇస్తారు. కాంట్రాక్టర్ మనుషులకి ఈఎస్ఐ కట్టారో లేదో దెబ్బ తగిలాక కాదు, ముందే చూసుకోండి.

నాలుగు వేళ్ల నాయుడు

నాకు కట్టలేదు.

గ్రానైట్ మామ

ప్రెస్‌ల గురించి నాకు తెలియదు. మా గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో జరిగింది చెబుతా. నేను పెద్ద బ్లేడు మార్చడానికి లోపలికి వంగాను. ప్యానెల్ దగ్గర ఎంసీబీ (కరెంటు స్విచ్) దించి 'పని జరుగుతోంది' అని అట్టముక్క తగిలించాను. ఎలక్ట్రీషియన్ వేరే యూనిట్ నుంచి వచ్చాడు, పంపు నడవట్లేదేంటని చూసి అట్టముక్క పక్కకి జరిపి ఎంసీబీ లేపాడు. బ్లేడు నట్టు ఇంకా బిగించి లేదు కాబట్టి షాఫ్ట్ తిరిగింది, బ్లేడు తిరగలేదు. లేకపోతే ఈ పోస్టు ఉండేది కాదు.

అట్టముక్క ఎవరైనా జరుపుతారు. తాళం ఎవరూ జరపలేరు. ఇప్పుడు మా దగ్గర ఎవరు లోపలికి వంగుతాడో వాడి తాళం వాడు ఐసోలేటర్‌కి (మెషీన్‌కి కరెంటు తెంపే మెయిన్ స్విచ్) వేస్తాడు, చెవి వాడి జేబులోనే. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి, నడవలేదని నమ్మకం కుదిరాకే చేయి పెట్టాలి.

శ్రీసిటీ సేఫ్టీ

మామ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కరెంటు ఒక్కటే కాదు. ప్రెస్ ర్యామ్ పైన ఆగి ఉందంటే దాని బరువే ఒక శక్తి, డై మార్చేటప్పుడు కింద సేఫ్టీ బ్లాక్ పెట్టాలి. కీ క్లచ్‌కి మోటార్ ఆపినా ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా డైలో చేయి వద్దు. ఎయిర్ సిలిండర్లలో గాలి, హైడ్రాలిక్‌లో ప్రెషర్, డ్రైవ్ కెపాసిటర్లలో చార్జి, ఇవన్నీ దించాలి.

బెల్లం ఊరోడు (పెనుమూరు వైపు)

మాది ఫ్యాక్టరీ కాదు, చెరకు గానుగ. మూడు రోలర్లది, మోటార్‌తో నడుస్తుంది. తెల్లవారుజామున నిద్రమత్తులో గడలు తోస్తూ తోస్తూ చేయి దగ్గరికి పోతుంది. మా పక్క ఊళ్లో ఒకాయనకి మోచేతి దాకా పోయింది. దీనికి ఏదైనా దారి ఉందా అన్నా? గడలు పెట్టకుండా ఉండలేం కదా.

శ్రీసిటీ సేఫ్టీ

ఉంది, ఖరీదు కూడా కాదు. రోలర్ల ముందు రేకుతో నాలుగు వైపులా మూసిన డబ్బా లాంటి గూడు కట్టించండి, గడ ఒక కొనలో పెడితే రెండో కొన రోలర్‌కి చేరాలి. నోరు 120 మిల్లీమీటర్లు దాటకూడదు, పొడవు 850 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. చెయ్యి చాచినా భుజం దగ్గర ఆగిపోతుంది, రోలర్ అందదు. ఈ కొలతలు పెద్దవాళ్లకి, పిల్లల్ని గానుగ దగ్గరికే రానివ్వకండి. కాలికి అందేచోట ఒక ఆపే కడ్డీ, రోలర్లని వెనక్కి తిప్పే స్విచ్ కూడా ఉంటే మంచిది. బెల్టు, పుల్లీలకి కవర్ మర్చిపోకండి.

బెల్లం ఊరోడు (పెనుమూరు వైపు)

850 అంటే దాదాపు మూడడుగులు. మా వెల్డర్‌కి చెబుతా. గడ వంకరగా ఉంటే ఇరుక్కుంటుందేమో, చూడాలి.

గాజులమండ్యం ఫిట్టర్

కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రాయాలంటే చాలా ఉంది, ముఖ్యమైనవి చెబుతా.

ప్రెస్ ముందు కూర్చునే ఆపరేటర్ గురించే ఇన్నాళ్లూ ఆలోచించాం. ప్రెస్ వెనకాల హెల్పర్ కుర్రాడు ఒకడు ఉంటాడు, స్క్రాప్ బుట్ట నిండితే మార్చడం వాడి పని. జాబ్ వెనక్కి జారకుండా ఇరుక్కుంటే వాడు వెనక నుంచి చేయి పెట్టి లాగుతున్నాడు. ముందున్న ఆపరేటర్‌కి వాడు కనపడడు. 'లాగావా?' అని అరుస్తాడు, వాడు 'ఆ' అంటాడు, పెడల్. కంప్రెసర్ మోతలో ఆ 'ఆ' ఎంత వినపడుతుందో మీరే అనుకోండి. ఇది నా ఎక్సెల్‌లో లేదు, సెన్సార్ల వాళ్ల కొటేషన్‌లో లేదు, ఆడిట్ మేడమ్ కూడా అడగలేదు. కర్టెన్ ముందే పెడతారు కదా, వెనక ఏముంటుంది?

వెనక వైపు ఆ రోజే ఫిక్స్‌డ్ షీటు బిగించేశాను. కింద ఏటవాలుగా రేకు జారుడు పెట్టాను, స్క్రాప్ తనే బుట్టలో పడుతుంది. ఎందుకు ఇరుక్కుంటోందంటే డై కింద రంధ్రం అంచు చిట్లి ఉంది, టూల్ రూములో సరిచేయించాం.

ఓనర్‌తో గొడవ అయింది. స్ప్రింగ్ చూపించాక కొంచెం తగ్గారు. ఒక కీ క్లచ్ ప్రెస్‌కి మూసిన డైలు చేయిస్తున్నాం, స్ట్రిప్ జాబ్‌లన్నీ దానికే. రెండోదానికి స్లైడ్ ఫీడ్ కుదరట్లేదు, జాబ్ వంకర ఆకారం. దాన్ని అమ్మేద్దాం అంటున్నారు.

నాలుగు వేళ్ల నాయుడు

అమ్మితే ఇంకో షాపుకి పోతుంది. అక్కడ ఇంకోడు కూర్చుంటాడు.

చిత్తూరు వర్క్‌షాప్ ఓనర్

మరేం చేయమంటావు నాయుడూ, గ్యాస్ కటింగ్ పెట్టి ముక్కలు చేసి తుక్కు కింద కిలోల లెక్కన అమ్మమంటావా? అంత నష్టం ఎవరు భరిస్తారు?

నాలుగు వేళ్ల నాయుడు

క్లచ్ మార్చి అమ్మొచ్చు. ఎయిర్ ఫ్రిక్షన్ క్లచ్-బ్రేక్ యూనిట్ పాత ఫ్రేములకి బిగించేవాళ్లు ఉన్నారు. అప్పుడు మీరే వాడుకోవచ్చు కూడా.

పీఎల్‌సీ కుర్రాడు పలమనేరు

చేస్తారు, కానీ ఫ్రేమూ క్రాంకూ బాగుంటేనే. క్రాంక్ షాఫ్ట్ పగుళ్లు చూపించుకోకుండా డబ్బు పోయకండి. కొత్త క్లచ్ వేశాక రెండు వాల్వులు జంటగా ఉండే ప్రెస్ సేఫ్టీ వాల్వ్ ఉండాలి, ఒక వాల్వ్ ఇరుక్కున్నా రెండోది గాలి వదిలేసేలా.

గాజులమండ్యం ఫిట్టర్

ఆ సంగతి ఓనర్‌కి చెబుతా. ఇక 100 టన్నుల దానికి కర్టెన్ పెట్టడం ఖాయం అయింది. సార్, దూరం ఎంత పెట్టాలి? కొటేషన్‌లో 'బెడ్ నుంచి 200 మిల్లీమీటర్లు' అని ఉంది.

శ్రీసిటీ సేఫ్టీ

ఆ 200 ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. బ్రాకెట్ పొడవు అయ్యుంటుంది. లెక్క ఇది: చేయి వేగం సెకనుకి 2000 మిల్లీమీటర్లు, దాన్ని మెషీన్ ఆగడానికి పట్టే మొత్తం సమయంతో గుణించాలి. ఉదాహరణకి ప్రెస్ ఆగడానికి 0.20 సెకను, కర్టెన్ స్పందించడానికి 0.02 అనుకుంటే, 2000 ఇంటూ 0.22, అంటే 440 మిల్లీమీటర్లు. ఇది 14 మిల్లీమీటర్ల రెజల్యూషన్ కర్టెన్‌కి, అంటే 14 మిల్లీమీటర్ల మందం ఉన్నది అడ్డం పడినా పసిగట్టేదానికి. చవకగా వస్తుందని 30ది తీసుకుంటే ఇంకో 128 కలపాలి, మొత్తం 500 దాటితే లెక్క కాస్త మారుతుంది, అప్పుడు మళ్లీ అడగండి. 200 దగ్గర పెడితే ర్యామ్ ఆగేలోపే వేలు డైలో ఉంటుంది.

మీ ప్రెస్ 0.20లో ఆగుతుందని నేను చెప్పట్లేదు, కొలవాలి. స్టాప్ టైమ్ మీటర్ తెచ్చి కొలిచి ఇస్తేనే ఆర్డర్ అని కొటేషన్‌లో రాయించండి. మీ దగ్గరున్న వాటిలో బరువైన పై డై బిగించి, ర్యామ్ దిగే మధ్యలో, ఎక్కువ వేగంలో కొలవాలి. ఖాళీ ర్యామ్‌తో కొలిస్తే తక్కువ వస్తుంది, వాళ్లకి అదే ఇష్టం.

గాజులమండ్యం ఫిట్టర్

బ్రేక్ లైనింగ్ అరిగితే టైమ్ పెరుగుతుంది కదా సార్?

శ్రీసిటీ సేఫ్టీ

పెరుగుతుంది. అందుకే మొదటి రీడింగ్ ప్రెస్ మీదే ప్లేటు కొట్టించి పెట్టండి, లైనింగ్ మార్చినప్పుడల్లా, మధ్యమధ్యలో కూడా మళ్లీ కొలవండి. కర్టెన్ పక్కల నుంచి, కింద నుంచి చేయి దూరే సందు ఉంటే అక్కడ ఫిక్స్‌డ్ షీటు. కర్టెన్‌కీ ప్రెస్‌కీ మధ్య మనిషి నిలబడేంత చోటు వచ్చిందంటే దానికి వేరే ఏర్పాటు కావాలి.

గాజులమండ్యం ఫిట్టర్

సోమవారం వాళ్లు మళ్లీ వస్తున్నారు. మీటర్ తెస్తేనే రమ్మని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. 'అది ఎక్స్‌ట్రా చార్జి సార్' అని రిప్లై వచ్చింది.

చిత్తూరు వర్క్‌షాప్ ఓనర్

వాళ్ల చార్జి ఎంతో కనుక్కుని ఇక్కడ పెట్టు. నా దగ్గరా ఒక ఎయిర్ క్లచ్ ప్రెస్ ఉంది, ఒకే ట్రిప్పులో రెండూ కొలిస్తే బేరం ఆడొచ్చు. ఆ మూసిన డై ఫొటో కూడా పెట్టు.